మ్యూజియంలో బోర్డు మేం చదివినం, కథ తాత చెప్పిండు

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపికతో చదవండి.

దసరా సెలవులిచ్చినంక మేం నలుగురు హాస్టల్ దోస్తులం ఇళ్లకు పోకుండా ముందు జోడేఘాట్ పోయినం. హట్టి దాకా బస్సు, అక్కడ్నుంచి ఆటో. ఆశ్వయుజ పౌర్ణమికి భీం వర్ధంతి, ఆ రోజు జనం బాగుంటరు కాబట్టి నిమ్మళంగా చూద్దామని ముందే పోయినం. మాలో ముగ్గురం గోండులం, ఒకడు ప్రధాన్. నలుగురి ఇళ్లల్ల కాలేజీకి వచ్చింది మేమే మొదలు.

కుమురం భీం గురించి మాకు తెలిసింది పాఠంలో చదివిందే. పన్నెండు గూడేల కోసం నిజాం మీద లేచిండు, 1940లో ఇక్కడే ప్రాణమిచ్చిండు. (మన కుమ్రం ఇంటిపేరును బయటోళ్లు కొమరం, కొమురం, కుమురం అని ఇన్ని తీర్ల రాస్తరు. అది ఇంకో పోస్టు.)

మ్యూజియంలో మేం ఫోన్లు తీసి ఫొటోలు దిగుతుంటే, పక్కన ఒక ముసలాయన మనవళ్లకు గోండిలో ఒక్కొక్కటి చెప్పుకుంట పోతున్నడు. మేం ఆయన ఎనక పడ్డం. బోర్డు మీద రెండు లైన్లున్న దానికి ఆయన పావుగంట చెప్పిండు. తర్వాత మా దిక్కు తిరిగి, మీరు ఏ సగా అని అడిగిండు. ఏడు దేవుళ్ల సగా అన్నం. పెండ్లి మాటలప్పుడు వింటం కాబట్టి ఆ లెక్క తెలుసు. మరి ఆ ఏడుగురి కథ చెప్పుమన్నడు. డిగ్రీ చదివే ముగ్గురికీ నోరు లేవలేదు.

ఆ కథ దాచేది ప్రధాన్లు. కీక్రీ వాయించుకుంట మన సగాల కథలు పాడేది వాళ్లే. మా ప్రధాన్ దోస్తును తాత, నీకు వాయించనొస్తదా అని అడిగిండు. వాడు తల దించుకున్నడు. వాళ్ల తాత కీక్రీ ఇంట్ల గోడకు ఏలాడుతున్నదట, తీగలు తెగి చానా ఏండ్లాయె.

మ్యూజియాలు టూరిస్టుల కోసమే, మనకెందుకు అని మనోళ్లే అంటరు. మేం ఒప్పుకోం. ఆ గదిలో నిలబడకపోతే ఆ ప్రశ్న మమ్మల్ని ఎవరు అడిగేటోళ్లు? కానీ అద్దం ఎనక వస్తువు పెడితే సంస్కృతి మిగిలినట్టే అంటే కూడా ఒప్పుకోం. కీక్రీ అద్దంల పెట్టొచ్చు, పాటను ఎట్ల పెడతరు? మన జిల్లాల మ్యూజియాలల్ల ఆదివారమన్నా ఒక ప్రధాన్ తాతను కూసోబెట్టి, కూలి కట్టిచ్చి పాడించాలె. గైడు ఉద్యోగం కూడా అట్లాంటి పెద్దలకే ఇయ్యాలె, డిగ్రీ అడగొద్దు.

అయితే తప్పంతా సర్కారు మీద ఏస్తే మనం తప్పించుకున్నట్టే. భీం పోరాటం తర్వాత హైమన్‌డార్ఫ్ ఎక్కడో ఆస్ట్రియాల పుట్టినాయన వచ్చి మార్లవాయిలో ఉండి, మన పెద్దలు చెప్పింది రాసుకున్నడు. 1943లోనే అక్కడ గోండి పంతుళ్లకు శిక్షణ మొదలైంది. ఆయన సమాధి, ఆయన భార్య సమాధి ఇప్పటికీ మార్లవాయిలోనే ఉన్నయి. గుంజాల రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్ కూడా వచ్చింది. మనం మాత్రం హాస్టల్ రూంల గోండి మాట్లాడాలంటే తలుపు దగ్గరికేస్తం. ఫస్టియర్ల నవ్విన్రు కదా, ఆ సిగ్గు ఇంకా పోలె.

మాకు తోచింది ఒక్కటే. ఈ సెలవుల్ల ఇంటికి పోయినోళ్లు ఒక్క రాత్రి తాత దగ్గరనో అవ్వ దగ్గరనో ఫోన్ల రికార్డింగ్ పెట్టి కూసోండి. సగా కథ, ఊరి పేరు ఎట్లొచ్చింది, ఇంట్ల సామాన్ల పేర్లు మన భాషల, ఏదైనా సరే. ఫోన్ పోతే అన్నీ పోతయి, రెండు చోట్ల దాయండి.

మా దోస్తు దీపావళి దండారి లోపల తాత కీక్రీకి తీగలు కట్టించాలని పట్టుబట్టిండు. ఉట్నూర్, నార్నూర్, జైనూర్ దిక్కు కట్టేటోళ్లు ఎవరన్నా తెలిస్తే కింద ఊరి పేరు రాయండి, మేమే తీస్కపోతం.