పిస్టన్లు కొత్తవే, మరి రాడ్లు ఎవరు చూసిండ్రు?

మొన్న మా ఊర్ల ఒక తమ్ముని ట్రాక్టరు కరిగెట మధ్యలనే ఆగిపోయింది. ఇంజన్ చేయించి ఒక్క కారు కూడా గడవలేదు. ఏందిరా అంటే "కొత్త లైనర్లు, కొత్త పిస్టన్లు ఏసినమే, మన కర్మ" అంటుండు. కర్మ కాదు తమ్మీ. పిస్టన్లు మార్చినవు సరే, వాటిని మోసే కనెక్టింగ్ రాడ్లను ఎవరన్నా చూసిండ్రా?

మన గద్వాల దిక్కు సీడ్ పత్తి పెట్టేటోళ్లం విత్తనం లాట్ నంబరు చూస్తం. ఎద్దును కొంటే పండ్లు చూస్తం, సుడులు చూస్తం, నడిపించి చూస్తం. లక్షలు పోసిన బండి ఇంజన్ ఇప్పిన రోజు మాత్రం మిస్త్రీకి అప్పజెప్పి హోటల్ల చాయ్ తాగుకుంట కూసుంటం.

ఇంజన్ నిమిషానికి 2000 సార్లు తిరిగితే పిస్టన్ 4000 సార్లు ఆగి ఎనుకకు మళ్లుతది. ఆ గుంజుడు, నూకుడు అంతా రాడ్డు మీద, దాని క్యాప్ బోల్టుల మీదనే. అయినా పాత బోల్టులే మళ్ల బిగిస్తరు. బేరింగు లూజుంటే క్యాప్‌ను ఆకురాయితో రాకి టైటు చేస్తరు. అట్ల రాకితే రంధ్రం గుండ్రంగ ఉండదు, నూనె పొర నిలువది, బేరింగు పట్టేస్తది. నాకు తెలుసు, ఎందుకంటే నా బండికే చేసిండ్రు. 8 వేలు మిగిలినయని సంబురపడ్డ. వేరుశనగ పీకే టైముల రాడ్డు తెగి బ్లాకును పొడుచుకొని బయటికొచ్చింది. రాకిన మిస్త్రీ తప్పు సగం, అడగని నా తప్పు సగం.

ఇంకోటి, వంకర. రాడ్డు రవ్వంత వంగితే కంటికి కనబడదు, అలైన్‌మెంట్ పట్టే సాధనం మీద పెట్టాలె. ఒక గుర్తు మాత్రం మనమే చూడొచ్చు. పాత పిస్టన్ ఒక పక్క పైన, ఎదురు పక్క కింద అరిగి ఉంటే రాడ్డు మీద అనుమానం పెట్టుకోవాలె. అందుకే చూడకముందే పాత పిస్టన్లను పాతసామాన్లకు ఎయ్యొద్దు. 2009 అక్టోబరుల అలంపూర్ మునిగిన సంగతి ఎవరూ మరువలే. అట్ల మునిగిన ఇంజన్‌ను నీళ్లు తియ్యకుండ తిప్పితే, గాలి లెక్క నీళ్లు అదమవు గదా, వంగేది రాడ్డే.

పిస్టన్ కాడ కూడా "ఏదైనా ఒకటే" అనే మాట పట్టుకొని తిరుగుతుండ్రు. ఒకటే కాదు. నెత్తి మీది గుంత వేరైతే డీజిల్ సరిగ కాలదు, పొగనే. పిన్ను రంధ్రం నుంచి నెత్తి వరకు ఎత్తు ఎక్కువుంటే హెడ్డుకో వాల్వుకో తగులుతది. లైనరు లేకుండ బ్లాకునే బోరు కొట్టించేటోళ్లు ముందు పిస్టన్ కొనాలె, దాన్ని మైక్రోమీటరుతో కొలిచి దానికి తగ్గట్టు బోరు కొట్టాలె. పిస్టన్ చల్లగ ఉన్నప్పుడు పూర్తి గుండ్రం కాదు, పిన్నుకు అడ్డంగ, కింది భాగాన కొలవాలె. మన షెడ్లల్ల చాలా మంది ముందు బోరు కొట్టి తర్వాత పిస్టన్ వెతుకుతరు. చెప్పు కొని దానికి సరిపోయేటట్టు కాలు చెక్కుకున్నట్టున్నది.

3 పిస్టన్లు, 3 రాడ్లు తూకం వేయించుండ్రి. కిరాణం కొట్టు ఎలక్ట్రానిక్ కాంటా చాలు, పెద్ద తేడా ఉంటే అక్కడనే బయటపడ్తది. ఏ రాడ్డు క్యాప్ ఆ రాడ్డుకే, నంబర్లు ఫోన్ల ఫొటో తీసుకోండ్రి.

"ఇవన్నీ చూస్తే మాకు కూలి గిట్టదు" అంటరు మిస్త్రీలు. నిజమే. వానలు పడ్డంక బండ్లన్నీ ఒక్కసారే తోలుకపోయి, రేపటికల్లా కావాలని మెడ మీద కూసుంటే ఎవరు మాత్రం కొలుస్తరు? మనం 500 కాడ గంట బేరం చేస్తం. ఎండకాలం మొదట్లనే ఇప్పించుండ్రి, కొలిచినందుకు వేరే కూలి ఇయ్యండ్రి, కొలతలు కాయితం మీద రాయించుకోండ్రి. రాయనంటే ఇంకో షెడ్డుకు పోదాం.

వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు రాడ్డు అలైన్‌మెంట్ పట్టి చూపించే షెడ్డు ఎవరికన్నా తెలిస్తే కింద రాయుండ్రి. ఆ తమ్ముని బండి ఇంకా ఇప్పే ఉన్నది.