కార్యనిర్వహణ పరీక్షకు సన్నాహము



గడచిన మాసమున ధర్మవరమునుండి ఒక సోదరి మాకు లేఖ వ్రాసినది. ఆమె పట్టభద్రురాలు, మగ్గములుగల యింటి కోడలు, రెండేండ్ల బిడ్డకు తల్లి. బెంగుళూరున ఉద్యోగము చేయుచున్న సహాధ్యాయిని యొకతె “నీవు సి. ఎ. పి. యం. పరీక్షకు కూర్చుండుము” అని ప్రోత్సహించినదట. అత్తగారు మాత్రము “ఆ రుసుము సొమ్ముతో పట్టునూలు వచ్చునే!” అనిరట. ఇంటనుండి చదువవచ్చునా, చదివినందువలన ఫలమున్నదా యని ఆ సోదరి ప్రశ్న. ఇట్టి సంశయము పెక్కుమందికి గలదు కాబట్టి ఈ మాసము దానిని గూర్చియే వ్రాయుచున్నాము. మా యింట జరిగిన యొక పొరపాటునుగూడ దాచక చెప్పెదము.

ముందుగా పరీక్ష స్వరూపము. అమెరికా దేశమున 1969వ సంవత్సరమున స్థాపితమైన ప్రాజెక్టు మేనేజిమెంటు ఇన్‌స్టిట్యూటు అను సంస్థ దీనిని నడుపుచున్నది. అనుభవము లేనివారికొరకు ఏర్పడిన తొలిమెట్టు ఇది. ఉన్నత పాఠశాల విద్య ముగించి, ఈ శాస్త్రమున 23 గంటల పాఠము విన్నవారు అర్హులు. మూడు గంటలలో 150 ప్రశ్నలకు సమాధాన మీయవలెను. వానిలో 15 ప్రశ్నలు లెక్కకు రావు. అయితే అవి యేవో మనకు తెలియదు. తప్పు వ్రాసినందుకు మార్కులు కోయరు గనుక ఏ ప్రశ్నను విడిచిపెట్టరాదు. ప్రశ్నలు తెలుగున నుండవు. ఆంగ్లము చదివి గ్రహించు శక్తి యుండవలెను.

పాఠ్యము నాలుగు భాగములు. మూలసూత్రములకు నూటికి 36 పాళ్లు, ముందే ప్రణాళిక వేసికొని నడుచు పద్ధతికి 17, మార్పులకు తగినట్లు అంచెలంచెలుగా సాగు ‘ఎజైల్’ పద్ధతికి 20, కోరువాని యవసరమును కనుగొను విద్యకు 27. ఈ కడపటి భాగమును చులకన చేసి చెడినవారు కలరు.

ఇక మా పొరపాటు. హిందూపురమున నున్న మా మేనకోడలు ఈ పరీక్షకు సిద్ధపడినప్పుడు ప్రతిదినము సాయంకాలము మా యింటికి వచ్చెడిది. మేము బాల్యమున తండ్రిగారి యొద్ద అమరకోశమును వల్లించినవారము. ఆ యలవాటుచొప్పున ఆమెచేతను నిర్వచనములన్నియు వల్లె వేయించితిమి. పిల్ల గడగడ నప్పగించుచుండగా మేము మురిసిపోతిమి. తీరా పరీక్షలో “ఈ చిక్కు వచ్చినది, నీవు మొదట నేమి చేయుదువు?” అను ప్రశ్నలు వచ్చినవి. ఆమె ఉత్తీర్ణురాలు కాలేదు. ఇరువదివేల రూపాయలకు మించిన ఆ రుసుమునకై ఆమె చేతిగాజులు తాకట్టు పెట్టినదని మాకు అప్పటివరకు తెలియదు. పది దినములు ఎవరితోను చెప్పక, బోసిచేతులు కనబడకుండ పొడుగు చేతుల రవిక తొడిగికొని తిరిగినది. తప్పు ఆ పిల్లది గాదు, మాది.

అనుమతించిన సంవత్సరములోపల మూడుమారులు పరీక్ష వ్రాయవచ్చును. మలి ప్రయత్నమునకు వేరుగ రుసుము చెల్లింపవలెను. రెండవమారు మేము పద్ధతి మార్చితిమి. ప్రతి మాటను మాకు తెలిసిన పనితో ముడిపెట్టి, తరువాతనే ఆంగ్లపదమును నేర్చుకొంటిమి. ఆ పాఠములలో కొన్ని ఇచట వ్రాయుచున్నాము.

ప్రాజెక్టు అనగా నేమి? ఆరంభమును అంతమును గలిగి, అంతకుముందు లేని యొక ఫలమును కలిగించు పని. పెనుకొండ చెంత ఎర్రమంచియొద్ద కియా కార్ల కర్మాగారమును గూర్చి 2017లో ఒప్పందము కుదిరి, 2019లో ఉత్పత్తి ఆరంభమైనది. ఆ కర్మాగారమును కట్టుట ప్రాజెక్టు. నిర్మాణము ముగిసిన పిదప దినదినము కార్లు చేయుట నిత్యకృత్యము. నిత్యము వంట చేయుట ప్రాజెక్టు గాదు; ఇంట పెండ్లి చేయుట ప్రాజెక్టు.

పనులను పంచుటకు భారతమున ధర్మరాజు చేసిన రాజసూయమును తలంపుడు. భోజనముల విచారణ దుశ్శాసనునికి, వ్యయము విదురునికి, జరుగవలసినది జరుగరానిది కనిపెట్టుట భీష్మద్రోణులకు, కానుకలు స్వీకరించుట దుర్యోధనునికి ఒప్పగింపబడినవి. ఎవరికే పని యని ఇంత స్పష్టముగ విభజించుట మెచ్చదగినదే. కాని ఆ కానుకల రాశులను దినమెల్ల చూచుచుండిన దుర్యోధనునకు అసూయ రగిలి జూదమువరకు వచ్చినది. రాగల అపాయమును ముందుగ ఊహించి వ్రాసికొనుటను ఈ శాస్త్రము ‘రిస్కు’ విచారణ మనును. ఈ కథ చెప్పిన పిదప మా మేనకోడలు ఆ యధ్యాయమును మరల మరువలేదు.

వ్యయమునకు అనుమతి యను విషయమునకు మన లేపాక్షియే చాలును. అచ్యుతదేవరాయల కాలమున పెనుకొండ అధికారియైన విరూపణ్ణ అచట వీరభద్రాలయమును కట్టించెను. రాజు సెలవు లేక బొక్కసపు ధనము వాడెనను నింద వచ్చి, అతడు తన కన్నులను తానే పెరికికొనెనని స్థలైతిహ్యము. కళ్యాణమంటపము నేటికిని అసంపూర్తిగనే నిలిచియున్నది. కథ యెట్లున్నను, సొమ్మిచ్చువాని సమ్మతిని పత్రరూపమున ముందే పొందవలెనని పరీక్షలో పలుమారులడుగుదురు.

కాలనిర్ణయమునకు మగ్గమును మించిన గురువు లేదు. పట్టునకు రంగువేసి ఆరబెట్టుటకు నాలుగు దినములు, పడుగు చేసి అతుకుటకు మూడు దినములు పట్టుననుకొందము. జాకార్డు అట్టలు కొట్టించుట ప్రక్కన మరియొకరిచేత జరుగును. దానికి ఐదు దినములు. రెండును ముగిసినగాని నేత మొదలుగాదు. మొదటి త్రోవ ఏడు దినములు, రెండవది ఐదు. అట్టలు రెండు దినములు ఆలసించినను నష్టము లేదు. రంగు ఒక్క దినము ఆలసించినను నేతయంతయు వెనుకబడును. ఆ పొడవైన త్రోవయే ‘క్రిటికల్ పాత్’. 1950ల చివర అమెరికాలో డ్యుపాంటు సంస్థవారి కర్మాగారపు పనులకై దీనిని రూపొందించిరి.

లెక్కలకు వెరచువారు ఇది చూడుడు. చీరకు ఆరువేల వంతున ఖర్చు నిర్ణయించి, ఇరువది దినములలో రెండు చీరలు దింపవలెనని తలంచితిమి. ఇరువదవనాటికి దిగినది ఒకటి, ఖర్చయినది ఎనిమిదివేలు. జరిగిన పని విలువ ఆరువేలు. ఆరింటిని ఎనిమిదింటితో భాగింప ముప్పాతిక. అనగా రూపాయి వ్యయమునకు ముప్పావలా పని. పన్నెండువేల పని జరుగవలసినచోట ఆరువేలదే జరిగినది గనుక కాలము విషయమున సగము. ఒకటికి తక్కువైనచో వెనుకబడితిమని యర్థము. ఇంతే రహస్యము!

ఎజైల్ అనునది 2001లో పదునేడుగురు చేసిన యొక ప్రకటనతో ప్రసిద్ధి కెక్కినది. ఎందరు చుట్టములు వత్తురో తెలియనినాడు వంటయంతయు ఒక్కమారు వండక, కొంత వండి, వడ్డించి, వారి రుచి నెరిగి మరల వండుట వంటిది. ఇక కోరువాని యవసరమన్నచో, పెండ్లికూతురి తల్లి “ఎఱ్ఱచీర కావలెను” అనును. ఏ ముహూర్తమునకు, ఎంత బరువు, ఎంత ధరలో నని అడిగి తెలిసికొనువాడే నిపుణుడు.

ధర్మవరపు చెల్లెలా! ఇంటనుండియే పరీక్ష వ్రాయవచ్చునుగాని, ఒంటరి గది కావలెను, ఎవ్వరును లోనికి రాగూడదు, కెమెరా కనిపెట్టుచుండును. ప్రక్క గదిలో మగ్గము, కాళ్లకు చుట్టుకొను బిడ్డ యున్న యింట ఇది కష్టము. ధర్మవరము, పెనుకొండ, హిందూపురము మూడును బెంగుళూరు రైలుదారిలోనివే. అచటి పరీక్షాకేంద్రమునకు పోవుట మేలు. ఆ దినమున బిడ్డను ఎవరు చూతురో ఇప్పుడే నిశ్చయించుకొనుము. ఇల్లు మేల్కొనక మునుపు దినమునకొక గంట చొప్పున మూడు నాలుగు మాసములు చదువుము. కడపటి మాసమున మూడు గంటలు కదలక కూర్చుండి మాదిరి పరీక్షలు వ్రాయుము. తప్పిన ప్రతి ప్రశ్నకు కారణమును నోటుపుస్తకమున వ్రాసికొనుము. వానిలో నిలుకడగ మంచి మార్కులు వచ్చువరకు రుసుము చెల్లింపకుము.

ఉద్యోగము తప్పక వచ్చునని చెప్పి సొమ్ము గుంజు శిక్షణాలయములు కలవు, నమ్మవలదు. ఈ పత్రము తలుపు తట్టుటకు పనికివచ్చును. తలుపు తెరచుట వేరొకరి చేతిలోనిది. పైగా మూడేండ్లకొకమారు దీనిని పునరుద్ధరించుకొనవలెను. మా మేనకోడలు రెండవమారు కృతార్థురాలైనది. అయినను ఆరు మాసములు ఉద్యోగము దొరకలేదు. పిదప పెనుకొండ సమీపమున నొక సంస్థలో చిన్న పని లభించినది. మూడవ జీతముతో గాజులు విడిపించుకొని, నేరుగా మా యింటికి వచ్చి చేతులు చూపినది. మాకు కన్నీరాగలేదు.

కాబట్టి నగలు తాకట్టు పెట్టి ఈ పరీక్షకు పోవలదు. సొమ్ము కొంచెముకొంచెముగా కూడబెట్టుము. అత్తగారి యెదుట కూర్చుండి లెక్క విప్పి చెప్పుము. మగ్గపు లెక్క ఆమెకు నీకంటె బాగుగ తెలియును. పడుగునుగూర్చి ఆమెనే అడిగి నేర్చుకొనుము. అడిగినచో ఆమెయే నీకు తొలి గురువు కావచ్చును. ఫలితము తెలిసినపుడు, అది యెట్లున్నను, మాకు తప్పక వ్రాయుము.