బావినీటికి యంత్రము కొనుటకు ముందు

మన తిరువూరు ప్రాంతమున పెక్కు బావులలోను, బోరులలోను గట్టినీరు పడుచున్నది. కందిపప్పు ఎంతసేపు కాగినను బద్ద బద్దగనే యుండును, సబ్బు నురుగెత్తదు, కాగు అడుగున తెల్లని గార కట్టును. ఇది సభ్యులందఱెఱిగినదే. ఈ గారను చూచి భయపడి, ఇంటికి నీటి యంత్రము కొనుటకై అప్పు కోరుచు పలువురు మా కడకు వచ్చుచున్నారు. అప్పిచ్చుటకు మాకభ్యంతరము లేదు. నీటిని పరీక్షింపకయే యంత్రమును కొనుటకు మాత్రము మేము సమ్మతింపజాలము.

గట్టిదనమునకు కారణము రాతిపొరలనుండి కరగివచ్చు కాల్షియము, మెగ్నీషియములు. వీనివలన పాత్రలకు, సబ్బునకు, వంటచెఱకునకు నష్టమే గాని మనిషికి కీడు స్వల్పము. భారతీయ ప్రమాణముల సంస్థవారు 2012లో లీటరునకు 200 మిల్లీగ్రాములు మేలనియు, వేఱు నీరు దొరకనిచోట 600 వఱకు త్రాగవచ్చుననియు నిర్ణయించిరి.

భయపడవలసినది కంటికి కనబడని ఫ్లోరైడునకు. దీని హద్దు లీటరునకు 1 మిల్లీగ్రాము. గత్యంతరము లేనిచోట 1.5. మించినచో పిల్లల పండ్లు చారలు పడును, పెద్దల కీళ్లు బిగిసికొనును, నడుము వంగును. 1937లోనే నెల్లూరు జిల్లాలో వైద్యులు ఈ వ్యాధిని గుర్తించి ప్రకటించిరి. ఇందొక వింత గలదు. కాల్షియము హెచ్చుగనున్న నీటిలో ఫ్లోరైడు అంతగా నిలువజాలదు. కాల్షియము తక్కువై సోడాగుణము గల మెత్తని నీటిలోనే అది తఱచుగ హెచ్చును. పప్పు చక్కగా ఉడుకుచున్నదని మనము మురియు బావియే కీడు చేయునది కావచ్చును! నాలుక దీనిని చెప్పజాలదు.

మన పొరుగున ఎ. కొండూరు మండలపు తండాలలో మూత్రపిండముల వ్యాధివలన ఎన్ని కుటుంబములు చితికినవో మనమెఱుగుదుము. నీరే కారణమని పలువురు శంకించిరి. అంత చేరువనుండియు మనము సీసాడు నీటిని పరీక్షకు పంపుటకు బద్ధకించుట తగునా?

అమ్మకమునకు వచ్చువారు పరీక్షయని చూపునది పరీక్ష కాదు. కలమువంటి మీటరు మొత్తము లవణములనే తెలుపును. నీటిలో ఇనుపకడ్డీలు ముంచి విద్యుత్తు పంపి ఎఱ్ఱని మడ్డి చూపుదురు. ఆ మడ్డి ఆ కడ్డీల తుప్పే.

సాఫ్టెనరు కాల్షియమును పట్టి సోడియమును విడుచును. స్నానమునకు, బట్టలకు మంచిదే. ఫ్లోరైడును, నైట్రేటును ముట్టదు. దానిని కడిగిన ఉప్పునీటిని పెరటిచెట్లకు పోయరాదు. కాచుటవలన క్రిములు చచ్చును, గార కొంత దిగును. ఫ్లోరైడు మాత్రము నీరు ఇగిరినకొలది చిక్కబడును. చిల్లగింజ అరగదీసినచో బురద తేఱును, అంతే. పటిక, సున్నములతో ఫ్లోరైడును దించు నల్లగొండ పద్ధతి చౌక. కాని మోతాదు నీటినిబట్టి కట్టవలెను, చేతికందినంత పటిక వేసినచో అల్యూమినియము నీట మిగులును. ఆర్.ఓ. యంత్రము అన్నిటిని చాలవఱకు తీయును. అయితే ఇండ్లలోని యంత్రములు బిందెడు మంచినీటికి రెండుమూడు బిందెలు పాఱబోయును. ఆ నీటిని ఇల్లు కడుగుటకు పట్టియుంచుకొనవలెను. లోపలి పొరను వేళకు మార్పనివారు ఈ యంత్రమును కొనకుండుటయే మేలు.

ఇల్లంతటి నీటిని శుద్ధిచేయనేల? త్రాగుటకు, వంటకు రెండుమూడు బిందెలు చాలును. డాబా గలవారు తొలివానను వదలి, పిదపటి నీటిని మూతగల తొట్టిలో పట్టుకొనినచో గార లేదు, ఫ్లోరైడు లేదు. వడగట్టి కాచి త్రాగవచ్చును. ఏల మనవారికి ఇది నామోషీయో మాకు బోధపడదు.

కావున యంత్రపు అప్పు దరఖాస్తుతో గట్టిదనము, ఫ్లోరైడు, నైట్రేటు, మొత్తము లవణములు తెలుపు పరీక్షచీటి జతపఱుపవలెనని మా యభిప్రాయము. గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలో ఈ పరీక్షలు చేయుదురు. వచ్చు సర్వసభ్య సమావేశమునకు సభ్యులు తమ బావినీటిని శుభ్రమైన సీసాలో పట్టి, పేరు, బావి గుర్తు వ్రాసి తెచ్చినయెడల, అన్నిటిని ఒకేమారు పంపు భారము సంఘము వహించును.