ల్యాప్‌టాప్ కొనేముందు కాలేజీని జాబితా అడగండి

ఇంజినీరింగ్, డిగ్రీ మొదటి ఏడాదిలో చేరుతున్న విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు, కళాశాలల యాజమాన్యాలకు విజ్ఞప్తి



ఈఏపీసెట్ కౌన్సెలింగులో సీటు ఖాయమైన వారంలోనే ఇంట్లో ల్యాప్‌టాప్ మాట మొదలవుతుంది. ప్రభుత్వ రీయింబర్స్‌మెంటు పోను మిగిలిన ఫీజు కట్టి, హాస్టల్‌కి అడ్వాన్సు ఇచ్చి, ఇక ఫర్వాలేదు అనుకునేలోపే ఈ ఖర్చు వచ్చి పడుతుంది. పిల్లలు అడగడంలో తప్పు లేదు, చదువుకి అది కావాలి. ఎలాంటిది కావాలో మాత్రం కాలేజీ చెప్పదు. సీనియర్ల వాట్సాప్ గ్రూపు చెబుతుంది, యూట్యూబ్ చెబుతుంది, షోరూములో అమ్మే కుర్రాడు చెబుతాడు. "సీఎస్ఈ అంటున్నారు కదండీ, గ్రాఫిక్స్ కార్డు ఉన్నదే తీసుకోండి" అంటారు. చీటీ పాడో, పంట డబ్బు తీసో ఎనభై వేలకు గేమింగ్ ల్యాప్‌టాప్ తెచ్చేస్తారు.

ఈ పద్ధతి మారాలి. ఏ బ్రాంచికి ఎలాంటి యంత్రం సరిపోతుందో ప్రతి కాలేజీ అడ్మిషన్ రోజునే కాగితం మీద రాసి ఇవ్వాలి. ఒక్కరు అడిగితే ఇవ్వరు, అందరం అడగాలి.

ఆ ఎనభై వేల యంత్రాన్ని ఒకసారి చేత్తో ఎత్తి చూడండి. రెండుంబావు కిలోల నుంచి రెండున్నర కిలోల దాకా ఉంటుంది. దాని చార్జరు మరో అర కిలో. రికార్డు పుస్తకాలు, టిఫిన్ బాక్సు, నీళ్ల సీసా కలుపుకుని, కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో గంటసేపు నిలబడి వెళ్లే ఆడపిల్ల ఈ సంచిని ఎన్నాళ్లు మోస్తుంది? పైగా బ్యాటరీ రెండు మూడు గంటలకే అయిపోతుంది, క్లాసు గదుల్లో ప్లగ్గులు ఉండవు. నెల తిరిగేసరికి అది హాస్టల్ గదిలో మంచం పక్కన ఉండిపోతుంది. పద్నాలుగు అంగుళాల తెర, కిలోన్నర లోపు బరువు, టైప్-సీ చార్జరుతో నడిచే యంత్రమైతే రోజూ క్లాసుకి వస్తుంది.

మరి చదువుకి ఆ గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదా అని అడుగుతారు. మొదటి ఏడాది ల్యాబుల్లో చేసేది సీ, పైథాన్ ప్రోగ్రాములు. వంద వరుసల ప్రోగ్రాముకి ఏ యంత్రమైనా చాలు. రెండో ఏడాది డేటా స్ట్రక్చర్లు, జావా, మైఎస్‌క్యూఎల్ వస్తాయి. వీటికీ గ్రాఫిక్స్ కార్డుతో పని లేదు. యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో దగ్గర మాత్రం తక్కువ మెమరీ (ర్యామ్) నిజంగానే చాలదు. 8 జీబీతో దాని ఎమ్యులేటరు, అంటే తెర మీద నడిచే నమూనా ఫోను, నడిపితే యంత్రం మూలుగుతుంది. అందుకే కంప్యూటర్ బ్రాంచీలవాళ్లకి 16 జీబీ ఉండాలంటున్నాం. అది లేనివాళ్లు తమ ఫోన్‌నే కేబుల్‌తో తగిలించి యాప్‌ను పరీక్షించుకోవచ్చు, ఎమ్యులేటరు అవసరమే ఉండదు. మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులకు గూగుల్ కోలాబ్ బ్రౌజరులోనే ఉచితంగా గ్రాఫిక్స్ ప్రాసెసరు ఇస్తుంది. దానికి హద్దులున్నాయి, అయినా బీటెక్ స్థాయి ప్రాజెక్టులు ఎక్కువ భాగం ఆ హద్దుల్లోనే అయిపోతాయి.

మెకానికల్, సివిల్, ఆర్కిటెక్చర్ వాళ్ల సంగతి వేరు. సాలిడ్‌వర్క్స్, ఆన్సిస్, రెవిట్ వంటివి బరువైన సాఫ్ట్‌వేర్లే. ఈసీఈ వాళ్ల వివాడో ఒక్కటే డిస్కులో పదుల జీబీలు ఆక్రమిస్తుంది. కానీ అవి ఎక్కువగా వచ్చేది తర్వాతి ఏళ్లలో. వాటికోసం ల్యాబు నడపాల్సిన బాధ్యత కాలేజీది. ఆ బాధ్యతను నాన్న జేబు మీదికి నెట్టడమే ఇప్పుడు జరుగుతున్నది. బీకాం కంప్యూటర్స్ పిల్లలకి ట్యాలీ, ఎక్సెల్ నడిస్తే చాలు. 8 జీబీ, మామూలు ఐ3 సరిపోతాయి.

తేలికైనదని కొందరు మ్యాక్‌బుక్ ఎయిర్ అడుగుతారు. చిన్న తెర మోడలు కిలోంబావే, బ్యాటరీ కూడా బాగా వస్తుంది. కానీ ట్యాలీ గానీ సాలిడ్‌వర్క్స్ గానీ మ్యాక్ కోసం తయారు చేయలేదు. ధర సంగతి పక్కన పెట్టినా, సాఫ్ట్‌వేర్ జాబితా చూడకుండా అది కొనకూడదు.

దుకాణంలో స్టిక్కరు మీది పేరుని నమ్మకండి, పూర్తి మోడల్ నంబరు అడగండి. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ అని రెండున్నాయి. చూడ్డానికి ఒకటే. మొదటిది 2019 నాటి డిజైను, నాలుగు కోర్లు. రెండోది దాని తర్వాతి తరం, ఆరు కోర్లు. "రైజెన్ 5 అండీ" అని రెండింటినీ ఒకే నోటితో అమ్ముతారు. సన్నని యంత్రాల్లో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, తర్వాత పెంచుకోవడం కుదరదు. ఖాళీ స్లాటు ఉందా అని అడిగి, లేదంటే మొదటే 16 జీబీది తీసుకోండి. డిస్కు 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉండాలి. 64 జీబీ ఈఎంఎంసీ అన్నది ఎంత చవకైనా వద్దు, విండోస్ అప్‌డేట్లకే చోటు చాలదు. చవక యంత్రాల్లో తెర ఐపీఎస్ కాకపోతే పక్కనుంచి చూస్తే అక్షరాలు వెలిసిపోతాయి, నాలుగేళ్లు చదవాల్సింది ఆ తెర మీదే. బ్యాటరీ 50 వాట్ అవర్లకు తగ్గకుండా చూడండి. సర్వీసు మీ ఊళ్లో ఇంటికొచ్చి చేస్తారా, విజయవాడకో హైదరాబాదుకో మోసుకెళ్లాలా అన్నదీ డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి.

అంత డబ్బు లేని ఇళ్లకు ఇంకో దారి ఉంది. ఆఫీసులు వాడి మార్చేసిన థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ యంత్రాలను బాగుచేసి సికింద్రాబాద్ సీటీసీ లాంటి మార్కెట్లలో అమ్ముతారు. కొత్తదాని ధరలో సగం కూడా కాదు. కీబోర్డు, తెర కీళ్లు గట్టివి, విడి భాగాలు దొరుకుతాయి. ఒక్కటి మరవకండి: విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్ అయితే ఎనిమిదో తరమో ఆపైదో ఉండాలి. ఆరు, ఏడు తరాల యంత్రాన్ని "ఐ7 సార్" అని అంటగడతారు, తీసుకోవద్దు. బిల్లు, కనీసం ఆరు నెలల వారంటీ రాతలో ఉండాలి. బ్యాటరీ ఎంత అరిగిందో అక్కడే చూపించమనండి.

ఇప్పటికే ఇంట్లో పాత యంత్రం ఉంటే, విండోస్ బదులు ఉచితంగా దొరికే ఉబుంటు వేసి చూడండి. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే పాఠాలు చెబుతున్నారు. హైదరాబాదులో 'స్వేచ్ఛ' సంస్థ ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చే పని చేసింది. సీ, పైథాన్ నేర్చుకోవడానికి ఉబుంటును మించింది లేదని మా అభిప్రాయం.

డబ్బు సర్దుబాటు గురించి రెండు మాటలు. "నో కాస్ట్ ఈఎంఐ" మాటకు పొంగిపోకండి. సున్నా వడ్డీ అన్నదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. రొక్కానికి ఇచ్చే తగ్గింపులోనో, ప్రాసెసింగ్ ఫీజులోనో ఆ వడ్డీ దాగి ఉంటుంది. విద్యారుణం తీసుకుంటున్నవాళ్లు గుర్తుంచుకోండి: భారతీయ బ్యాంకుల సంఘం నమూనా విద్యారుణ పథకంలో, కోర్సుకి అవసరమైతే కంప్యూటరు ఖర్చునూ కలుపుకోవచ్చని ఉంది. బ్యాంకువాళ్లు అవసరానికి రుజువు అడుగుతారు. కాలేజీ ఇచ్చే జాబితా అక్కడా పనికొస్తుంది.

యాజమాన్యాలకు మా విన్నపం ఇదీ. తమిళనాడు ప్రభుత్వం 2011లో విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, యంత్రంలో ఏమేం ఉండాలో ఆ ప్రభుత్వానికి చెందిన ఎల్కాట్ సంస్థ ముందే రాతలో పెట్టి టెండర్లు పిలిచింది. లక్షల మందికి సాధ్యమైన పని మీ నాలుగైదు బ్రాంచీలకు సాధ్యం కాదా? ఏ సెమిస్టరులో ఏ సాఫ్ట్‌వేర్ వస్తుందో మీ అధ్యాపకులకు తెలుసు, ఒక మధ్యాహ్నం కూర్చుంటే జాబితా తయారవుతుంది. అందులో కంపెనీ పేరు ఉండకూడదు, అవసరాలు మాత్రమే ఉండాలి. బరువైన సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాబులను సాయంత్రం ఏడింటి దాకా తెరిచి ఉంచండి. లైబ్రరీలో పుస్తకం ఇచ్చినట్టే కార్డు మీద వారానికి ఇచ్చే ల్యాప్‌టాప్‌లు కొన్ని ఉంచండి. యంత్రం లేదన్న కారణంతో ఏ విద్యార్థీ అసైన్‌మెంటు మార్కులు పోగొట్టుకోకూడదు.

తల్లిదండ్రులారా! ఓరియెంటేషన్ రోజున ప్రిన్సిపాల్ గారు "ఏమైనా సందేహాలున్నాయా?" అంటారు. అప్పుడు లేచి నిలబడి, ఈ జాబితా ఇవ్వమని అడగండి. పక్కవాళ్లనీ అడగమనండి. మీ సంతకాలతో అర్జీ రాసి ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. జాబితా చేతికొచ్చేదాకా ల్యాప్‌టాప్ కొనకండి. మొదటి నెల క్లాసులు అది లేకుండానే నడుస్తాయి.

ఇట్లు,
కళాశాల విద్యార్థుల తల్లిదండ్రులు