తొట్టి సెలవులకు ముందు, చేపలు సెలవుల తర్వాత

పిల్లల పరీక్షలు అయిపోగానే ఇంట్లో మొదలయ్యే బేరాల్లో చేపల తొట్టి ఒకటి. ‘మంచి మార్కులొస్తే కొనిస్తానన్నావుగా’ అని వాళ్లు గుర్తుచేస్తారు. తండ్రి బజారుకు తీసుకెళ్తాడు. అద్దాల తొట్టి, రంగురాళ్లు, మోటారు, ప్లాస్టిక్ సంచిలో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు... అన్నీ ఒకే రోజు, ఒకే బిల్లు మీద ఇంటికొస్తాయి. వారం తిరక్కుండానే ఒక్కో చేపా వెల్లకిలా తేలుతుంది. పిల్లలు ఏడుస్తారు. ‘పోనీలే, ఇంకోటి కొందాం’ అంటాం. లేదంటే ‘ఇంటి దిష్టి అది తీసుకుపోయింది, మంచిదేలే వదినా’ అని పక్కింటావిడ ఓదారుస్తుంది.

ఈ రెండు మాటలూ నాకు నచ్చవు. చేప పోతే మరో చేప కొంటే సరిపోతుందని మొదటి మాట నేర్పుతుంది. చేప ఎందుకు పోయిందో అడగకుండా రెండోది ఆపేస్తుంది. నిజానికి ఆ చేపను చంపింది దిష్టీ కాదు, రోగమూ కాదు. సిద్ధంగా లేని నీళ్లు.

చేప ఊపిరి పీల్చే మొప్పల్లోంచి అమోనియా బయటికొస్తుంది. మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. అది చేపకు విషం. చెరువులో అయితే బురదలో, నాచులో, రాళ్ల మీద కంటికి కనపడని సూక్ష్మజీవులుంటాయి. కొన్ని అమోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. మరికొన్ని దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ కొద్దిగా ఉంటే చేప తట్టుకుంటుంది. పొలంలో చల్లిన ఎరువు పైరుకు అందేది కూడా చాలావరకు ఈ జీవుల పుణ్యాన్నే. రష్యా శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో వీటి సంగతి తేల్చి చెప్పాడు.

కొత్త తొట్టిలో ఈ జీవులు ఉండవు. అవి తగినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ లోపల చేపను వేస్తే అది తన విషంలో తానే ఈదుతుంది. ఊపిరాడక పైకొచ్చి నోరు తెరుస్తుంటే ఆకలేస్తోందనుకుని చాలామంది ఇంకాస్త మేత వేస్తారు. మేత కుళ్లి విషం పెరుగుతుంది.

‘నీళ్లు అద్దంలా ఉన్నాయి కదా, ఏం కొదవ?’ అంటారా? ఆ మాట ఎక్కడైనా చెల్లుతుందేమో గానీ ఉమ్మడి నల్గొండ జిల్లాలో చెల్లకూడదు. బావిలోంచీ బోరులోంచీ వచ్చిన తేట నీళ్లే ఇక్కడి పల్లెల్లో పళ్లకు గార పట్టించాయి, నడుములు వంచాయి. పటికా సున్నమూ కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని ‘నీరి’ సంస్థ 1970లలో రూపొందిస్తే, దానికి పడ్డ పేరే ‘నల్గొండ టెక్నిక్’. తేటగా ఉన్నవన్నీ మంచినీళ్లు కావని మనకు ఇంకొకరు చెప్పాలా?

మన నీళ్లతో ఇంకో చిక్కుంది. నల్గొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ చాలాచోట్ల బోరు నీళ్లు కాస్త క్షారంగా, కటికగా ఉంటాయి. బిందెకు తెల్లటి పొర కట్టేది అందుకే. క్షారం ఎక్కువైన కొద్దీ, నీళ్లు వేడెక్కిన కొద్దీ అంతే అమోనియా మరింత విషమవుతుంది. అంటే మన మెట్ట ప్రాంతంలో, అందులోనూ మే నెలలో, సిద్ధం కాని తొట్టిలో చేపను వేయడం మరీ అన్యాయం. మేలు చేసే సూక్ష్మజీవులకు మాత్రం ఈ కొద్దిపాటి క్షారం బాగా పడుతుంది. వాటికి కొంత గడువిస్తే చాలు.

ఆ గడువు వేసవి సెలవుల్లోనే ఉందంటాను నేను. ఏప్రిల్ నెలాఖరులో తొట్టి తెచ్చి నీళ్లు నింపండి. చేపలు వద్దు. మిషన్ భగీరథ నల్లా నీళ్లయితే అందులో క్లోరిన్ ఉంటుంది. మనం పెంచాలనుకున్న జీవులను అది చంపుతుంది. కాబట్టి బకెట్లలో పట్టి ఒక రోజంతా మూత లేకుండా ఉంచి పోయండి. ఫిల్టర్ మోటారు వేయండి. రోజు విడిచి రోజు చిటికెడు చేపల మేత వేస్తే అది కుళ్లి అమోనియా ఇస్తుంది. కొలత కావాలనుకుంటే స్వచ్ఛమైన అమోనియం క్లోరైడ్ వంద లీటర్లకు అర గ్రాము పైచిలుకు చాలు. గిన్నెలకు కళాయి పోసేవాళ్లు వాడే నవాసారం ఇదే గానీ, బజారు సరుకులో ఏం కలిసి ఉంటుందో చెప్పలేం, అది వద్దు.

తోడు లేకుండా పాలు పెరుగవుతాయా? ఇక్కడా అంతే. తెలిసినవాళ్లింట్లో ఏళ్లుగా ఆరోగ్యంగా ఉన్న తొట్టి ఉంటే, దాని ఫిల్టర్ స్పాంజిలోంచి చిన్న ముక్క అడిగి తెచ్చి మన ఫిల్టర్లో పెడితే పని త్వరగా అవుతుంది.

మే నడిమికి పిల్లలతో పుట్టింటికో తిరుపతికో బయల్దేరతాం. తొట్టిలో చేపలుంటే ఎంత దిగులు! తాళంచెవి ఎవరికివ్వాలి, వాళ్లు గుప్పెడు మేత గుమ్మరిస్తే ఎలా, కరెంటు పోతే ఎలా? చేపలు లేని తొట్టికి ఈ బాధేదీ లేదు. వెళ్లే ముందురోజు మామూలుగా వేసేంత వేసి వెళ్లండి. పదిహేను రోజులు అమోనియా అందకపోయినా ఆ జీవులు అంత తేలిగ్గా నశించవు, నెమ్మదిస్తాయంతే.

మూడు జాగ్రత్తలు మాత్రం తప్పవు. ఊరెళ్తూ మెయిన్ ఆపేయడం మనకు అలవాటు. ఫిల్టర్ ఆగితే ఆ ఉక్కలో నీళ్లలో ప్రాణవాయువు తగ్గి, పెరిగిన జీవులు చచ్చిపోతాయి. మెయిన్ ఆపక తప్పదంటే తిరిగొచ్చాకే మొదలుపెట్టండి. రెండోది, మోటారు వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడేలా ఉంచండి, నీటి చుక్క ప్లగ్గులోకి జారదు. మూడోది దోమలు. చేపల్లేని నీళ్లలో గుడ్డు వారం పది రోజుల్లో దోమ అవుతుంది. పైన సందుల్లేకుండా మూత పెట్టండి. నీళ్లు ఆవిరై తగ్గిపోకుండానూ అది కాపాడుతుంది.

తిరిగొచ్చాక అసలు పరీక్ష మనకే. నీళ్లు మసకగా, రాళ్లు జిగురుగా కనిపిస్తాయి. వెంటనే కొంగు బిగించి తోమేయాలనిపిస్తుంది. వద్దు! ఆ జిగురులోనే మనం నెలరోజులుగా పెంచిన బలగం ఉంది. స్పాంజి మురికైతే తొట్టి నీళ్లలోనే జాడించాలి, నల్లా కింద కాదు. మళ్లీ అమోనియా వేసి ఒక రోజు తర్వాత కిట్‌తో చూడండి. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయితే తొట్టి సిద్ధం. కాకపోతే ఇంకో వారం ఆగాలి. సిద్ధమయ్యాక నీళ్లు చాలావరకు మార్చి, ముందు రెండు మూడు చేపలు తేవచ్చు. మన కటిక నీళ్లకు గప్పీలు, మోలీలు బాగా ఒప్పుతాయి. ఊరంతా చేపలు కొని తినే మృగశిర కార్తె నాటికి, మన ఇంట్లో చేపలు పెంచడానికి నీళ్లు తయారుగా ఉంటాయన్నమాట.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. తొట్టి కొనేది తండ్రి, చూసి మురిసేది పిల్లలు, కడిగేది మాత్రం అమ్మ. చేప చస్తే ‘నువ్వు సరిగా చూడలేదు’ అన్న మాట పడేదీ ఆవిడే. కాబట్టి ఈ ఖాళీ తొట్టి రోజుల్లోనే పని పంచేయండి. మేత వేయడం, కిట్‌తో చూసి నోటుబుక్కులో తేదీ వేసి రాయడం పిల్లలది. బకెట్లు మోయడం ఆయనది. ఆరు వారాలు ఖాళీ నీళ్లను చూసుకోలేనివాళ్లు ఆరేళ్లు చేపలను చూసుకుంటారా? విసిగిపోతే తొట్టిని అమ్మేయొచ్చు, ప్రాణమేదీ పోదు.

‘చేపలేవమ్మా?’ అని పిల్లలు రోజూ అడుగుతారు, అడగనివ్వండి. ‘వాటికి ఇల్లు ఇంకా సిద్ధం కాలేదు నాన్నా’ అని చెప్పండి. దుకాణంలో అన్నీ ఒకేసారి అంటగట్టబోతే ‘చేపలు జూన్‌లో తీసుకుంటాం’ అని గట్టిగా చెప్పి తొట్టి మాత్రమే తెచ్చుకోండి.