తోళ్ల నాయుడమ్మ మనకు పనికిరారా?



కొత్త క్యాలెండరులో యలవర్తి నాయుడమ్మ గారి ఫోటో వేద్దామని మేము కొందరం అడిగితే, "ఆ తోళ్ల ఆయనా? ఆయన ఎవరికి తెలుసండీ!" అని ఒక పెద్దాయన తీసిపారేశారు. వెనక నుంచి నవ్వులు కూడా వినిపించాయి. సినిమా హీరో ఫోటోకైతే ఒక్కరూ అడ్డు చెప్పలేదు.

గుడియాత్తంలో పేర్నంబట్టు బస్సో ఆంబూరు బస్సో ఎక్కితే తోళ్ల వాసన మనకంటే ముందే ఊరు చేరుస్తుంది. మన వీధుల్లో ఎన్ని ఇళ్ల పొయ్యి ఆ షెడ్ల కూలితో వెలిగిందో లెక్కపెట్టుకోండి. అలాంటి చోట కూర్చుని అడిగే మాటేనా ఇది?

ఆయన 1922లో గుంటూరు జిల్లా యలవర్రులో రైతు ఇంట పుట్టారు. తోలు పని చేసేవాళ్లను ఊరి బయట ఉంచిన రోజులవి. కాశీలో పారిశ్రామిక రసాయన శాస్త్రం చదివి, అమెరికాలో లీహై విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు తెచ్చుకున్న మనిషి, కోరి ఆ తోళ్ల మధ్యకే వచ్చారు. 1958 నుంచి 1971 దాకా అడయారులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరు. తర్వాత 1977 దాకా సి.ఎస్.ఐ.ఆర్.కే అధిపతి.

జీవభౌతిక శాస్త్రం జర్మనీలోనే పుడుతుందనుకునే మన పిల్లలకు ఇంకో సంగతి చెప్పండి. తోలంటే ముఖ్యంగా కొల్లాజెన్ అనే ప్రోటీను. దాని అణువు మూడు పేటల తాడులా ఉంటుందని 1950లలో మద్రాసులోనే జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా తేల్చారు. వాళ్లు పరీక్షించిన కంగారూ తోక స్నాయువు వచ్చింది కూడా ఈ తోలు సంస్థ నుంచే.

"మరి పాలారును పాడుచేసింది తోళ్లే కదా" అంటారు. నిజమే, దాచం. వేలూరు పౌరులు వేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే: మురికి చేసినవాడే ఖర్చు భరించాలని. కానీ తోళ్ల నీళ్లలోంచి క్రోమియం తీసేది ఎవరు? తోలు రసాయనం చదివినవాడే తీయాలి, హీరో డైలాగు తీయదు. ఆ చదువు అన్నా విశ్వవిద్యాలయంలో ఉంది. మన పిల్లల్లో ఎవరినైనా అటు పంపామా? సాఫ్ట్‌వేరు తప్ప మనకు ఇంకేదీ కనబడదాయె.

1985 జూన్ 23న ఐర్లండు దగ్గర పేల్చేసిన కనిష్క విమానంలో ఆయన పోయారు. క్యాలెండరులో జూన్ పేజీ ఇంకా ప్రెస్సుకు వెళ్లలేదు. హీరో గారిని జులైకి జరపండి.