జీను కరిస్తే గుర్రమేం చేస్తుంది?

కొత్త చెప్పులు కరిస్తే విప్పి పక్కన పడేస్తాం. మరి వీపుమీది జీను కరిస్తే గుర్రం ఏం చేయాలి? విప్పుకోలేదు, నోరు తెరిచి చెప్పలేదు. అందుకే చెవులు వెనక్కి వాల్చేస్తుంది. పొట్టపట్టీ బిగిస్తుంటే కరవడానికొస్తుంది. నడవమంటే మొరాయిస్తుంది. 'పొగరుబోతు గుర్రం' అని ముద్ర వేసి కళ్లెం ఇంకాస్త లాగుతారు చాలామంది. ఎన్నోసార్లు అది పొగరు కాదు... నొప్పి!

జీను లోపల చెక్కతోనో లోహంతోనో చేసిన గట్టి చట్రం ఉంటుంది. మనిషి బరువు వెన్నెముకమీద పడకుండా, దానికి రెండువైపులా ఉన్న కండరాలమీద సమంగా పరచడం దాని పని. చట్రం ఇరుకైతే మూపు పక్కన నొక్కేస్తుంది. మరీ వెడల్పైతే ముందుకు కుంగి నేరుగా ఎముకకే తగులుతుంది.

సరిపోయిందో లేదో తెలియాలంటే మెత్తలేవీ వేయకుండా జీను ఒక్కటే పెట్టి చూడాలి. మూపుకీ జీనుకీ మధ్య రెండుమూడు వేళ్లు పట్టాలి. వెనక నుంచి చూస్తే వెన్ను పొడవునా వెలుతురు కనిపించాలి. ముందుకాలు చాచినప్పుడల్లా భుజం ఎముక పైభాగం వెనక్కి జరుగుతుంది, జీను దానికి అడ్డురాకూడదు. గుర్రానికి 18 జతల పక్కటెముకలు. జీను ఆఖరి ఎముక దాటి వెనక్కి పోకూడదు. ఆ తర్వాతి నడుము భాగానికి బరువు మోసే శక్తి తక్కువ.

సవారీ అయ్యాక చెమట చూసినా తెలుస్తుంది. జీను కింద అంతా తడిసి ఒక్కచోటే పొడిగా ఉంటే అక్కడ ఒత్తిడి పడుతోందేమో చూడాల్సిందే. అక్కడక్కడా మొలిచిన తెల్లవెంట్రుకలు పాత ఒత్తిడికి గుర్తు కావచ్చు.

రౌతు కొద్దీ గుర్రం అంటారు. జీను రౌతుకీ కుదరాలి మరి. కూర్చునే చోట లోతైన భాగం మధ్యలో ఉంటే చెవి, భుజం, తుంటి, మడమ ఒకే గీతలోకి వస్తాయి. జీను వెనక్కి వాలితే కాళ్లు ముందుకు పోతాయి. నిలదొక్కుకోవడానికి రౌతు కళ్లెం పట్టుకు వేలాడతాడు. ఆ బాధా గుర్రానికే!

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన జట్టు స్వర్ణం గెలిచిన డ్రెసాజ్‌లో రౌతు చిన్న సైగకే గుర్రం స్పందించాలి. వీపు సలుపుతుంటే ఆ సైగ అందుకునే ఓపిక దానికెక్కడిది?

మేత, వయసు, వ్యాయామాన్ని బట్టి వీపు ఆకారం మారుతుంది. కాబట్టి కొన్నప్పుడు కుదిరిన జీనునూ మధ్యమధ్యలో చూపించుకోవాలి. ఇరుకు జీను కింద మెత్తమీద మెత్త వేయడమంటే, బిగుతు బూటులోకి మందం సాక్సు తొడగడమే. పిల్లల్ని సవారీకి పంపుతున్నారా? ఎక్కేముందు జీను కింద చెయ్యి పెట్టి చూడటం నేర్పమనండి. మొదటి పాఠం అదే కావాలి.